వెలిగి ఆరిపోయే మానిటర్: లక్షణం, కారణం, మరమ్మతు

పవర్ బటన్ నొక్కినా మానిటర్ ముందున్న చిన్న దీపం వెలగకపోతే, వెనుక మూత విప్పే ముందు గోడ సాకెట్లో కరెంటు ఉందో లేదో చూసి, పవర్ కేబుల్ మార్చి ప్రయత్నించాలి. విడిగా అడాప్టర్ ఉండే రకమైతే, దానిపై ముద్రించిన 12 లేదా 19 వోల్టులు వస్తున్నాయో లేదో మల్టీమీటరుతో కొలవాలి. రాకపోతే అదే వోల్టేజీ, అదే పిన్ను, అదే పోలారిటీ (పిన్నులో ప్లస్, మైనస్ ఉండే తీరు), అంతకు తగ్గని ఆంపియర్లు గల మరో అడాప్టర్ కొనుక్కోవాలి.

తెర మీద ‘నో సిగ్నల్’ అన్న మాట కనిపిస్తే మానిటర్ దాదాపుగా బాగున్నట్టే. అప్పుడు కేబుల్‌నూ, ఇన్‌పుట్ ఎంపికనూ, కంప్యూటర్‌నూ చూసుకోవాలి.

దీపం మినుకుమినుకుమనడం, బొమ్మ చాలాసేపటికి గానీ రాకపోవడం, వచ్చిన కాసేపటికే ఆరిపోవడం వంటి లక్షణాలు కనిపిస్తే మొదట అనుమానించవలసింది లోపలి పవర్ సప్లై బోర్డు మీది ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లను, అంటే కరెంటును కాసేపు నిలవ ఉంచే చిన్న డబ్బాల్లాంటి భాగాలను. ఏళ్ల తరబడి వేడికి వాటిలోని ద్రవం ఎండిపోయి, అంతర్గత నిరోధం పెరిగి, బోర్డుకు అందవలసిన వోల్టేజీ నిలకడ తప్పుతుంది. మా ఇంట్లోని పాత 19 అంగుళాల మానిటర్‌ను విప్పి చూసినప్పుడు, 25 వోల్టుల 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్లు రెండింటి తలలు, సమతలంగా ఉండవలసినవి, పూరీల్లా ఉబ్బి ఉన్నాయి. అడుగున కనిపించే గోధుమ రంగు జిగురును చూసి మాత్రం కంగారు పడకూడదు; చాలాసార్లు అది కెపాసిటర్ కదలకుండా తయారీలోనే పూసినదై ఉంటుంది. తల ఉబ్బలేదు కాబట్టి కెపాసిటర్ బాగుందని నమ్మడానికి కూడా వీల్లేదు.

ఇక్కడ ప్రాణానికి సంబంధించిన జాగ్రత్త ఒకటి ఉంది. ఇంటికి వచ్చే 230 వోల్టుల కరెంటు బోర్డు మీద సుమారు 325 వోల్టుల డీసీగా మారి, 400 లేదా 450 వోల్టులని రాసి ఉన్న పెద్ద కెపాసిటర్‌లో నిలుస్తుంది. ప్లగ్ పీకిన తరువాత కూడా కొంతసేపు అందులోనే ఉండవచ్చు. అందువల్ల ప్లగ్ తీసి అరగంట ఆగి, దాని రెండు కాళ్ల మధ్య వోల్టేజీ కొలిచి, ఇంకా మిగిలి ఉంటే, హోల్డర్‌లో బిగించిన పాతకాలపు ఫిలమెంటు బల్బు తీగలను, లోహం చేతికి తగలకుండా, ఆ కాళ్లకు ఆనించి ఖాళీ చేసి, మళ్లీ కొలవాలి. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసే అలవాటును నేను ఎవరికీ సలహా ఇవ్వను. ఈ మాట చదివి వెనకాడేవారు ఆ బోర్డును మెకానిక్‌కు అప్పగించడమే మంచిది.

మూతకు స్క్రూలు తీశాక అంచున పాత ఏటీఎం కార్డు దూర్చి నెమ్మదిగా తిప్పితే క్లిప్పులు విరగకుండా ఊడతాయి. కొత్త కెపాసిటర్ అదే మైక్రోఫారడ్ విలువతో, అంతే లేదా కొంచెం ఎక్కువ వోల్టేజీతో, 105 డిగ్రీల వేడిని తట్టుకునే, అంతర్గత నిరోధం తక్కువగా ఉండే (‘లో-ఈఎస్ఆర్’) రకమై ఉండాలి. హైదరాబాద్‌లో ఉన్నవారికి కోఠి గుజరాతీ గల్లీలో ఇటువంటివి దొరుకుతాయి. ఒంటి మీది గీత నెగెటివ్ కాలును సూచిస్తుంది కనుక, పాతదాన్ని తీసే ముందే ఫోన్‌తో బోర్డును ఫొటో తీసుకోవాలి. తిరగేసి అతికిస్తే కెపాసిటర్ పేలిపోగలదు.

తెర నల్లగా ఉన్నా, చీకట్లో టార్చి ఏటవాలుగా కొట్టి చూస్తే బొమ్మ మసకగా కనిపిస్తోందంటే, ప్యానెల్ (బొమ్మ చూపే తెర పలక) బాగుంది, దాని వెనుక నుంచి వెలుతురునిచ్చే బ్యాక్‌లైట్ వెలగడం లేదన్నమాట. పాత మానిటర్లలో దీనికి కారణం సన్నని ట్యూబు గానీ, దాన్ని వెలిగించే ఎక్కువ వోల్టేజీని తయారుచేసే ఇన్వర్టర్ అనే లోపలి భాగం గానీ కావచ్చు. ఇన్వర్టర్‌కు వెళ్లే కరెంటును నిలకడగా ఉంచేవీ పైన చెప్పిన పవర్ సప్లై కెపాసిటర్లే కనుక ముందు వాటినే మార్చి చూడాలి. వెలుగుతున్నప్పుడు ఇన్వర్టర్ వైపు చెయ్యి పెట్టరాదు, ఎందుకంటే ట్యూబు అంటుకోవడానికి వెయ్యి వోల్టులకు పైగా అవసరమవుతుంది.

తెర పగిలినా, కేబుల్ మార్చినా పోని నిలువు గీతలు పడినా లోపం సాధారణంగా ప్యానెల్‌దే. దాని ధర కొత్త మానిటర్‌కు దగ్గరగా ఉంటుంది కాబట్టి ఆ మరమ్మతుకు దిగనక్కరలేదు. అయితే పాత ట్యూబుల్లో పాదరసం ఉంటుంది, కనుక పాత మానిటర్‌ను చెత్తబండిలో వేయకుండా ఈ-వ్యర్థాలు సేకరించేవారికి ఇవ్వాలి.