రిమోట్ కారుకి కొత్త రిసీవర్: ఏ రిమోట్‌కి ఏది కలుస్తుందో ఎలా చూసుకోవాలి?

వేసవి సెలవుల్లో మా మేనల్లుడి కారు నాగావళి ఇసుకలో సాయంత్రమంతా బాగానే పరుగెత్తి, చివరికి ఓ నీటి మడుగులో బోర్లా పడింది. మోటారు బతికింది, స్టీరింగ్ తిప్పే సర్వో బతికింది, రిమోట్ సిగ్నల్ అందుకునే రిసీవర్ పోయింది. వాడి రిమోట్ ఫ్లైస్కై కంపెనీ జీటీ3సీ. అదే కంపెనీది కదా అని ఆన్‌లైన్‌లో ఐఏ6బీ రిసీవర్ తెప్పించాడు. రిమోట్ మీద 2.4 గిగాహెర్ట్జ్ అని ఉంది, రిసీవర్ పెట్టె మీదా అదే ఉంది. రెండు సాయంత్రాలు మేడ మీద కూర్చుని బైండ్ చేస్తూనే (అంటే రిమోట్‌నీ రిసీవర్‌నీ జత కలుపుతూనే) ఉన్నాడు, ఎర్రలైటు అలా కొట్టుకుంటూనే ఉంది.

"మావయ్యా, రెండూ ఒకే కంపెనీవి. కలవవేటి?"

కలవవు. ఇచ్ఛాపురం సంతలో తెలుగూ ఒడియా ఒకే గాలిలో వినిపిస్తాయి. గాలి ఒకటే అయినంత మాత్రాన మాట అర్థం కాదు కదా. 2.4 గిగాహెర్ట్జ్ అంటే ఆ గాలి. రిమోట్, రిసీవర్ మాట్లాడుకునే భాషని ప్రోటోకాల్ అంటారు. జీటీ3సీది ఏఎఫ్‌హెచ్‌డీఎస్, ఐఏ6బీది ఏఎఫ్‌హెచ్‌డీఎస్ 2ఏ. పేర్లు అన్నదమ్ముల్లా ఉన్నా ఒకరి మాట ఒకరికి తెలియదు. ఈ వస్తువులు మేం ఆన్‌లైన్‌లోనే తెప్పించుకుంటాం. తప్పుది వస్తే వెనక్కి పంపి సరైనది వచ్చేసరికి పిల్లల సెలవులు అయిపోతాయి. అందుకే కొనే ముందు ఓ అరగంట కూర్చుని కింద చెప్పినవి చూసుకోండి.

ముందు కారు మూత తీసి చూడండి

రిసీవర్ అనే డబ్బా విడిగా ఉందా లేదా అన్నది మొదట తేల్చుకోవాలి. విడిభాగాలు మార్చుకోగల హాబీ కార్లలో మూడు వస్తువులు విడివిడిగా ఉంటాయి: సిగ్నల్ అందుకునే రిసీవర్, ముందు చక్రాలని పక్కలకి మళ్ళించే సర్వో, మోటారు వేగాన్ని నడిపే ఈఎస్‌సీ. సర్వో నుంచీ ఈఎస్‌సీ నుంచీ మూడేసి తీగలు వచ్చి రిసీవర్‌లో గుచ్చుకుంటాయి. ఇలా ఉంటే రిసీవర్ ఒక్కటీ మార్చుకోవచ్చు.

చవక కార్లలో చాలావాటికి రిసీవర్, ఈఎస్‌సీ ఒకే బోర్డు మీద ఉంటాయి. స్టీరింగ్ సర్వోకి అయిదు తీగలుంటే సర్వోని నడిపే సర్క్యూట్ కూడా ఆ బోర్డులోనే ఉందని అర్థం. అలాంటి కారుకి విడి రిసీవర్ కొంటే సర్వో, ఈఎస్‌సీ కూడా కొనాల్సిందే. ఖర్చు కూడి చూసుకోండి. చాలాసార్లు ఆ కారుకోసమే అమ్మే అసలు బోర్డు తెప్పించుకోవడమే నయం.

తిరునాళ్ళలో కొన్న పాత బొమ్మ కారైతే దాని మీద 27 మెగాహెర్ట్జ్ అని ఉండవచ్చు. దాన్ని 2.4 రిమోట్‌తో కలిపే మార్గం లేదు. పాత హాబీ సెట్లలో రిమోట్‌లో ఏ ఛానెల్‌లో మాట్లాడాలో తేల్చే ఒక క్రిస్టల్, రిసీవర్‌లో దాని జోడీ క్రిస్టల్ ఉండేవి. 27లో ఆరు రంగుల ఛానెళ్ళు ఉండేవి, ఇద్దరు ఒకే రంగు పెట్టుకుంటే ఒకరి కారు ఇంకొకరి మాట వినేది. ఇప్పటి 2.4 సెట్లు బైండ్ చేసిన రిమోట్‌నే గుర్తుపడతాయి కాబట్టి పక్కపక్కన పది కార్లు నడిపినా ఆ గొడవ ఉండదు.

ప్రోటోకాల్ పేరు వెతికి రాసుకోండి

అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇదే. రిమోట్ అడుగున అంటించిన లేబుల్, మాన్యువల్లో మొదటి రెండు పేజీలు, తెర ఉన్న రిమోట్ అయితే మెనూ చూడండి. కంపెనీ పేరు, మోడల్ పేరు, ప్రోటోకాల్ పేరు మూడూ కాగితం మీద రాసుకోండి. రిసీవర్ అమ్మే పేజీలో ఆ ప్రోటోకాల్ పేరు అక్షరం పొల్లు పోకుండా కనిపించాలి. "2.4కి సరిపోతుంది" అని మాత్రమే రాసి ఉంటే కొనకండి.

నాకు తెలిసిన జోడీలు చెబుతాను. ఫ్లైస్కైలో జీటీ3బీ, జీటీ3సీ పాత ఏఎఫ్‌హెచ్‌డీఎస్‌వి, వీటికి జీఆర్3ఈ రిసీవర్ సరిపోతుంది. జీటీ5 ఏఎఫ్‌హెచ్‌డీఎస్ 2ఏది, దానితో బీఎస్6 రిసీవర్ వస్తుంది. ఆ బీఎస్6లో కారు వెనక భాగం జారిపోకుండా స్టీరింగ్ సర్దే గైరో కూడా ఉంది. విమానాలు ఎగరేసేవాళ్ళ దగ్గర ఎక్కువగా కనిపించే రెండు కర్రల ఐ6 రిమోట్ మామూలుగా 2ఏలో ఉంటుంది. దాని మెనూలో ఆర్‌ఎక్స్ సెటప్‌లోకి వెళ్ళి 2ఏని ఆపేస్తే పాత ఏఎఫ్‌హెచ్‌డీఎస్ రిసీవర్లతోనూ కలుస్తుంది. జీటీ3సీలో ఆ వీలు లేదు. మా వాడి సమస్య అక్కడే వచ్చింది.

మిగతా కంపెనీల్లోనూ ఇదే తీరు. ఫుటాబాలో ఫాస్ట్, ఎస్-ఎఫ్‌హెచ్‌ఎస్‌ఎస్, టీ-ఎఫ్‌హెచ్‌ఎస్‌ఎస్ వేరువేరు. స్పెక్ట్రమ్‌లో డీఎస్‌ఎమ్‌ఎక్స్ విమానాలకి, డీఎస్‌ఎమ్‌ఆర్ కార్లకి. సాన్వాలో ఎఫ్‌హెచ్3, ఎఫ్‌హెచ్4 అని తరాలున్నాయి. కొన్ని కొత్త రిమోట్లు పాత తరంలోకి దిగగలవు గానీ పాత రిమోట్ కొత్త తరంలోకి ఎక్కలేదు.

ఎందుకిలా అంటే, లోపలి రేడియో చిప్పులే వేరు. ఫ్లైస్కై పాత తరాల్లో ఏ7105 అనే చిప్పు, స్పెక్ట్రమ్‌ది సీవైఆర్‌ఎఫ్6936. ఈ రిమోట్లు మాట్లాడుతూనే బ్యాండ్‌లో ఒక ఛానెల్ నుంచి ఇంకో ఛానెల్‌కి దూకుతుంటాయి, ఏ క్రమంలో ఏ ఛానెల్‌కి దూకాలన్నది కూడా ఎవరిది వారిదే. నాలుగు రకాల చిప్పులూ ఒకేదాంట్లో పెట్టిన మల్టీ ప్రోటోకాల్ మాడ్యూళ్ళు ఉన్నాయి, అవి పట్టే రిమోట్ మీ దగ్గర ఉంటే చాలా కంపెనీల రిసీవర్లతో పని జరుగుతుంది. మొదటిసారి కొనేవాళ్ళకి మాత్రం నేను అది చెప్పను. రిమోట్, రిసీవర్ కలిపి అమ్మే సెట్ కొనుక్కుని, రెండో కారుకి అదే రిసీవర్ ఇంకొకటి తెప్పించుకోండి. జీటీ3సీలో పది కార్ల సెట్టింగులు దాచుకోవచ్చు, ఇంటికి ఒక్క రిమోట్ చాలు.

విదేశీ సైట్ల నుంచి తెప్పించే ముందు ఒక మాట. 2.4 బ్యాండ్‌కి మన దేశంలో 2005 నుంచి లైసెన్సు అక్కర్లేదు గానీ, దిగుమతయ్యే వైర్‌లెస్ పరికరానికి కేంద్ర ప్రభుత్వ వైర్‌లెస్ విభాగమైన డబ్ల్యూపీసీ ఆమోదం ఉండాలి. అది లేకపోతే కస్టమ్స్‌లో ఆగిపోవచ్చు. ఆన్‌లైన్‌లోనైనా మన దేశంలోని దుకాణదారు నుంచి కొనడమే సుఖం.

ఛానెళ్ళు, కరెంటు

ఇక్కడ ఛానెల్ అంటే రిమోట్ విడిగా నడపగల ఒక్కో పని. కారుకి రెండు ఛానెళ్ళు చాలు: ఒకటోది స్టీరింగ్, రెండోది థ్రాటిల్, అంటే వేగం. లైట్లు, రెండు గేర్లు, డిఫరెన్షియల్ లాక్ లాంటివి ఉన్న క్రాలర్ (రాళ్ళ మీద నెమ్మదిగా ఎక్కే కారు) అయితే ఒక్కోదానికి ఇంకో ఛానెల్ కావాలి.

రిసీవర్‌కి కరెంటు ఈఎస్‌సీలోని బీఈసీ (బ్యాటరీ వోల్టులు తగ్గించి ఇచ్చే భాగం) నుంచి వస్తుంది, సాధారణంగా 5 లేదా 6 వోల్టులు. కొన్నిట్లో 7.4కి పెంచుకునే స్విచ్ ఉంటుంది. రిసీవర్ ఎంతవరకు తట్టుకుంటుంది, సర్వో ఎంతవరకు తట్టుకుంటుంది రెండూ చూసి, తక్కువదానికి లోబడి పెట్టండి. రెండు సెల్లుల లైపో బ్యాటరీ నిండా ఛార్జైతే 8.4 వోల్టులు. దాన్ని బీఈసీ లేకుండా నేరుగా రిసీవర్‌కి తగిలిస్తే 6 వోల్టుల సర్వో కాలిపోతుంది. తీగల్లో గోధుమ లేదా నలుపు రంగుది మైనస్, మధ్యలో ఎరుపు ప్లస్, నారింజ లేదా తెలుపుది సిగ్నల్. రిసీవర్ మీద గుర్తులు చూసి గుచ్చండి.

రిమోట్‌లో వేగంగా స్పందించే మోడ్ ఉంటే అది డిజిటల్ సర్వోలకే. అనలాగ్ సర్వోకి పెడితే వేడెక్కి పాడవుతుంది.

బైండ్ చేయడం

కారుని ఇటుక మీద పెట్టి చక్రాలు గాల్లో ఉండేలా చూడండి. రిమోట్ ఆపి ఉంచి, రిసీవర్‌లో బైండ్ ప్లగ్ గుచ్చండి. కొన్నిట్లో ప్లగ్‌కి బదులు బటన్ ఉంటుంది. కారు ఆన్ చేస్తే రిసీవర్ లైటు గబగబా కొట్టుకుంటుంది. ఇప్పుడు రిమోట్ మీద బైండ్ బటన్ నొక్కి పట్టుకుని రిమోట్ ఆన్ చేయండి. లైటు నెమ్మదించినా నిలిచినా బైండ్ అయినట్టే. ప్లగ్ తీసేసి, రెండూ ఆపి, మళ్ళీ ఆన్ చేసి స్టీరింగ్ తిప్పి చూడండి. రోజూ వాడేటప్పుడు ముందు రిమోట్ ఆన్, తర్వాత కారు. ఆపేటప్పుడు ముందు కారు, తర్వాత రిమోట్.

ఫెయిల్‌సేఫ్ పరీక్షించనిదే బయటికి తీసుకెళ్ళకండి

దీన్ని చాలామంది వదిలేస్తారు, నాకు చాలా బాధగా ఉంటుంది. సిగ్నల్ పోతే కారు ఆగాలి. ఆగకపోతే గంటకి యాభై కిలోమీటర్ల వేగంతో వెళ్ళే ఇనప ముక్క ఎవరి కాలికి తగులుతుందో తెలియదు. మాన్యువల్ ప్రకారం ఫెయిల్‌సేఫ్‌లో బ్యాటరీ కారుకి థ్రాటిల్ న్యూట్రల్, ఇంధనంతో నడిచే నైట్రో కారుకి బ్రేక్ పెట్టండి. కారు ఇటుక మీద ఉండగానే కొంచెం థ్రాటిల్ ఇచ్చి రిమోట్ ఆపేయండి. చక్రాలు ఆగిపోవాలి. ఆగలేదంటే సెట్టింగ్ సరిచేసేదాకా కారు నేల మీద పెట్టకండి.

యాంటెన్నా చివర తొడుగు లేకుండా బయటపడి ఉండే 3.1 సెంటీమీటర్ల తీగే సిగ్నల్ అందుకునేది. 2.4 తరంగం పొడవు 12.5 సెంటీమీటర్లు, ఇది అందులో నాలుగో వంతు. దాన్ని కత్తిరించకండి, మడవకండి. ప్లాస్టిక్ గొట్టంలో నిలువుగా పైకి నిలబెట్టండి. మోటారు తీగలకీ కార్బన్ ప్లేట్లకీ దూరంగా ఉంచండి. తడి ఇసుక మీద, నేలకి దగ్గరగా యాంటెన్నా పడి ఉంటే అందే దూరం తగ్గిపోతుంది. ఏటి ఒడ్డున నడిపేవాళ్ళు ఇది తప్పక చూసుకోవాలి. రిసీవర్‌ని చిన్న బెలూన్‌లో పెట్టి తీగల దగ్గర గట్టిగా కడితే చిందే నీళ్ళు లోపలికి వెళ్ళవు. కళింగపట్నం బీచ్‌కి తీసుకెళ్తే ఉప్పునీటి దగ్గరికి పోనివ్వకండి, పిన్నులు త్వరగా తుప్పు పడతాయి.

మొదటిరోజు మనుషులు లేని మైదానంలో ఒకరు కారు పట్టుకుని నిలబడితే, రెండోవారు రిమోట్‌తో స్టీరింగ్ ఊపుతూ వెనక్కి నడవాలి. మీరు నడిపే దూరానికి రెండింతలు వెళ్ళినా చక్రాలు తడబడకుండా తిరిగాయంటే చాలు.

మా వాడికి జీఆర్3ఈ తెప్పించాం, మొదటి ప్రయత్నంలోనే కలిసింది. ఐఏ6బీని దాచి ఉంచాడు, జీటీ5 కొన్నాక దానికి వాడుకుంటాడట. ఇప్పుడు వాడి రిమోట్ అడుగున తెల్ల టేపు మీద పెన్నుతో ఏఎఫ్‌హెచ్‌డీఎస్ అనీ, దాని కింద రిసీవర్ పేరూ రాసి ఉన్నాయి.