ఫాదర్ మీద ఫిర్యాదు వస్తే బిషప్ గారి చేత జవాబు చెప్పించడం ఎలా?

మా కర్నూలు, అనంతపురం వైపు ఫాదర్ బిడ్డపై లైంగిక దాడి చేశాడని బయటపడితే ముందు కూర్చునేది పెద్దమనుషులే. ఉపదేశి (గుడిలో బోధించే ఆయన) గారో సంఘం పెద్దో ఇంటికొస్తారు. "గుడి పరువు పోతుందమ్మా, బిషప్ గారితో మాట్లాడి ఫాదర్‌ను వేరే విచారణకు మార్పిస్తాం" అంటారు. విచారణ అంటే ఇక్కడ ఒక ఫాదర్ కింద ఉండే గుడి, దాని ఊళ్లు. నిజంగానే మారుస్తారు. కొత్త ఊళ్లో పిల్లలకు ఆయన సంగతి తెలీదు, అంతే తేడా.

అమెరికాలో బోస్టన్‌లో 2002లో బయటపడింది ఇదే. ఫాదర్లను ఊరి నుంచి ఊరికి మారుస్తూ వచ్చారని తేలాక, ఆ డిసెంబర్‌లో అక్కడి అగ్రపీఠాధిపతి (ఆర్చిబిషప్) కార్డినల్ బెర్నార్డ్ లా రాజీనామా చేశారు. ఆయనకు ఎప్పుడు, ఎంత తెలుసో చెప్పింది చర్చి ఫైళ్లలోని ఉత్తరాలే. అందుకే నేను తేదీ ఉన్న కాగితాన్ని ఇంతగా పట్టుకుంటాను.

ముందు బిడ్డ సంగతి

చెప్పేది అడ్డుపడకుండా వినండి. వచ్చిన చుట్టానికల్లా మళ్లీ చెప్పించకండి. జరిగి ఒకటి రెండు రోజులే అయితే బట్టలు ఉతక్కుండా కాగితం కవర్లో పెట్టండి. ప్లాస్టిక్‌లో చెమ్మ పడుతుంది. కర్నూలు పెద్దాసుపత్రి అయినా, కడప రిమ్స్ అయినా ఎఫ్ఐఆర్ లేదని వైద్యం ఆపకూడదు. ఆడపిల్లను లేడీ డాక్టరే పరీక్షించాలి.

తర్వాత పోలీసులు, బిషప్ కాదు

వయసు 18 లోపైతే పోక్సో చట్టం (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) వర్తిస్తుంది. ఆదోనిలో జరిగినదానికి అనంతపురంలోనూ ఫిర్యాదు తీసుకోవాల్సిందే, దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి గానీ 112కి గానీ ఫోన్ చేసినా సరే. పోలీసులు యూనిఫాం లేకుండా ఇంటికొచ్చి, వీలైనంతవరకు మహిళా ఎస్ఐ చేతే వాంగ్మూలం రాయించాలి. స్టేషన్లో తిప్పుతుంటే అదే ఫిర్యాదును ఎస్పీకి పోస్టు చేయండి, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి. లాయర్ ఫీజు గురించి టెన్షన్ పడొద్దు, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా పెడుతుంది, నంబరు 15100.

"రాజీ పడ్డాం" అని రాసిచ్చినంత మాత్రాన ఇలాంటి కేసు కొట్టేయడం కుదరదని 2024లో సుప్రీంకోర్టు చెప్పింది. ఎవరైనా డబ్బు కవరు తెస్తే ఈ మాట చెప్పండి.

చిన్నప్పుడు జరిగింది పెద్దయ్యాక చెబుతున్నా ఫర్వాలేదు. 2012 నవంబర్ 14 తర్వాత జరిగినదైతే పోక్సో కిందే వస్తుంది. బిడ్డ పేరు, ఫొటో మాత్రం వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. మంచి ఉద్దేశంతో పెట్టినా అది నేరమే.

ఇప్పుడు బిషప్ గారి దగ్గరికి

ముందు అది ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) గుడో, సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా)దో, విడి పాస్టర్‌దో చూసుకోండి. ఇక్కడ చెప్పే చర్చి దారి ఆర్‌సీఎంకే. అనంతపురం కూడా కర్నూలు మేత్రాసనం (ఒక బిషప్ గారి పరిధి) కిందికే వస్తుంది, కడపది వేరు. రెండింటికీ పైన హైదరాబాద్ అగ్రపీఠం (ఆర్చిబిషప్ గారి పరిధి).

నోటిమాట వద్దు. పాపసంకీర్తనంలో (ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకునేటప్పుడు) అసలు చెప్పకండి. అక్కడ విన్నది ఆ ఫాదర్ ఎవరికీ చెప్పకూడదు, ఆ గోప్యత వెనకే విషయం ఆగిపోతుంది. కాగితం మీద నాలుగు లైన్లు చాలు: "ఫలానా తేదీన, ఫలానా విచారణ గురువు మా బిడ్డపై లైంగిక దాడి చేశారు. పోలీసులకు ఫిర్యాదు చేశాం. ఆయన్ని వెంటనే పిల్లలకు దూరంగా ఉంచి, తీసుకున్న చర్య మాకు రాతపూర్వకంగా తెలపండి." రెండు కాపీలు తీసుకెళ్లి, రెండోదాని మీద తేదీ, సంతకం, ఆఫీసు ముద్ర వేయించుకోండి. "ఫాదర్ సెక్రటరీ లేరు, రేపు రండి" అంటే వాదించకుండా తిన్నగా పోస్టాఫీసుకు వెళ్లి స్పీడ్ పోస్ట్ చేయండి.

ఆ ముద్రకు ఇంత విలువ ఎందుకంటే, తన కింద పనిచేసేవాడు బిడ్డపై చేసిన నేరం తెలిసి కూడా పోలీసులకు చెప్పని సంస్థ పెద్దకు పోక్సో 21వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు పడొచ్చు. కేరళలో కొట్టియూరు కేసులో ఫాదర్‌కు 2019లో శిక్ష పడింది గానీ, దాన్ని దాచారంటూ ఆయనతో పాటు నిందితులైన మిగతా ఆరుగురిని కోర్టు వదిలేసింది. "వాళ్లకు ముందే తెలుసు" అని ఊరంతా అనుకోవడం వేరు, కోర్టులో చూపించడం వేరు.

చర్చి చట్టమూ మీవైపే ఉంది. పోపు ఫ్రాన్సిస్ 2019లో ఇచ్చిన, 2023లో శాశ్వతం చేసిన నియమాల ప్రకారం దర్యాప్తును అడ్డుకున్న, తప్పించిన బిషప్ మీదా ఫిర్యాదు చేయొచ్చు. అది హైదరాబాద్ అగ్రపీఠాధిపతికి గానీ, ఢిల్లీలో పోపు గారి రాయబారికి గానీ పంపాలి. ఫిర్యాదు చేసినవాళ్లను "బయట మాట్లాడొద్దు" అని కట్టడి చేయకూడదని కూడా అందులో ఉంది. ఇది చర్చి లోపలి దారి మాత్రమే, పోలీసు కేసు పని ఇది చేయదు.

ఫిర్యాదు చేశాక జ్ఞానస్నానం సర్టిఫికెట్ ఇవ్వమని, ఆర్‌సీఎం స్కూల్లో టీసీ చేతిలో పెడతామని బెదిరించవచ్చు. ఎవరు, ఏ రోజు, ఏమన్నారో నోట్‌బుక్‌లో రాసుకోండి. ముద్ర వేసిన కాపీకి రెండు జెరాక్స్‌లు తీయించి, ఒకటి ఆ విచారణలో లేని చుట్టాల ఇంట్లో పెట్టండి.