రాష్ట్రపతికి అర్జీ పంపాలనుకునే వారికి

సోమవారం పూట అనంతపురం కలెక్టరేట్‌కు వచ్చి, ఎన్నిసార్లు తిరిగినా పని కాక విసిగిపోయిన వారు తరచుగా అనే మాట ఒకటుంది: "ఇక రాష్ట్రపతికే రాస్తాను." తప్పకుండా రాయవచ్చు. ఆ కాగితం అక్కడికి చేరాక ఏమవుతుందో ముందే తెలుసుకుని రాస్తే మాత్రం దానికి ఫలితం దక్కే అవకాశం ఎక్కువ. రాష్ట్రపతి భవన్‌కు వెళ్లిన అర్జీ అక్కడే తేలిపోదు. విషయాన్ని బట్టి కేంద్ర మంత్రిత్వ శాఖకో, రాష్ట్ర ప్రభుత్వానికో వెళ్లి, అక్కడి నుంచి మెట్టు మెట్టుగా దిగుతూ చివరికి మన జిల్లాలోని ఒక గుమాస్తా బల్ల మీదికే వస్తుంది. కాబట్టి ఢిల్లీలోని అధికారికి దాన్ని ఎక్కడికి పంపాలో ఒక్క చూపులో తెలిసేలా, ఇక్కడి గుమాస్తాకు ఏం చేయాలో స్పష్టంగా అర్థమయ్యేలా రాయాలి.

అర్జీ అక్కడే ఎందుకు తేలదంటే, రాజ్యాంగంలోని 53వ అధికరణం కేంద్ర కార్యనిర్వాహక అధికారాన్ని రాష్ట్రపతికి అప్పగించింది; 74వ అధికరణం ప్రకారం ఆ అధికారాన్ని మంత్రిమండలి సలహా మేరకే వినియోగించాలి; 77వ అధికరణం ప్రకారం కేంద్ర ప్రభుత్వ చర్యలన్నీ రాష్ట్రపతి పేరుతోనే వెలువడతాయి, కానీ వాటిని ధ్రువీకరిస్తూ సంతకం చేసేది అందుకు అధికారం పొందిన అధికారులు. ఈ జిల్లాలోని ఇల్లూరులో 1913లో పుట్టిన నీలం సంజీవరెడ్డి గారు 1977 నుంచి 1982 వరకు ఆ పదవిలో ఉన్నప్పుడు కూడా పద్ధతి ఇదే. 1978 నాటి 44వ సవరణ చట్టంతో మంత్రిమండలి సలహాను ఒక్కసారి పునఃపరిశీలనకు తిప్పి పంపే వీలు రాష్ట్రపతికి కలిగింది గాని, తిరిగి అదే సలహా వస్తే దాని ప్రకారం నడుచుకోవలసిందే. ప్రభుత్వ ఉద్యోగాల్లో స్థానికులకు వాటా కేటాయించిన, సీమలో ఉద్యోగాల కోసం చదివే పిల్లలందరికీ తెలిసిన 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు సంగతీ అంతే. కర్నూలు, అనంతపురం, కడప, చిత్తూరు జిల్లాలను నాలుగో జోన్‌గా చేసిన ఆ ఉత్తర్వు 371-డి అధికరణం కింద రాష్ట్రపతి పేరుతో వచ్చింది. దాని కింద స్థానికతకు రుజువుగా స్టడీ సర్టిఫికెట్ ఇచ్చేది మాత్రం మన ఊరి హెడ్మాస్టరే.

అర్జీ రాయడానికి కూర్చునే ముందు, మీ సమస్య ఎవరి పరిధిలోదో తేల్చుకోండి. రైల్వే, తపాలా, భవిష్య నిధి, సైనిక పెన్షన్, ప్రభుత్వ రంగ బ్యాంకులు వంటివి కేంద్రం కిందికి వస్తాయి. భూమి, రేషన్ కార్డు, సామాజిక పెన్షన్, పోలీసు వ్యవహారాలు రాష్ట్రానివి. వాటి మీద పంపిన అర్జీని రాష్ట్ర ప్రభుత్వానికి పంపుతారు. కోర్టులో నడుస్తున్న కేసులు, కోర్టు తీర్పులు, కుటుంబ తగాదాల మీద చర్య తీసుకోరు. మరణశిక్ష పడిన వారి క్షమాభిక్ష అభ్యర్థన 72వ అధికరణం కింద కేంద్ర హోం శాఖ ద్వారా నడిచే వేరే వ్యవహారం. రాష్ట్ర పరిధిలోని విషయమైతే ముందుగా కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోవడం మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే కింది స్థాయిలో అడిగినట్లు రుజువు లేని అర్జీని మొదటికే పంపించడం ఏ అధికారికైనా సులువు.

ఏ భాషలో రాయాలన్న బెంగ అక్కరలేదు. తన కష్టం గురించి కేంద్రంలోని గాని, రాష్ట్రంలోని గాని ఏ అధికారికైనా అక్కడ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా విన్నవించుకునే హక్కును 350వ అధికరణం ప్రతి ఒక్కరికీ ఇచ్చింది. తెలుగులోనే రాయండి, అయితే పై కాగితంగా నాలుగైదు వాక్యాల ఇంగ్లీషు లేదా హిందీ సారాంశం పెడితే, అనువాదం కోసం ఆగకుండా కాగితం ముందుకు కదులుతుంది. మీ వీధిలో డిగ్రీ చదివే పిల్లలు ఈ సాయం చేయగలరు. పేర్లు మాత్రం ఆధార్‌లో, పాసుపుస్తకంలో ఉన్న అక్షరాలతోనే ఉండాలి.

ఇక రాయడం. తెల్ల కాగితానికి ఒక వైపే రాయాలి. ఎడమ పక్కన బాగా మార్జిన్ వదలాలి, ఎందుకంటే ట్యాగు కోసం రంధ్రం పడేది అక్కడే, ఆ రంధ్రంలో సర్వే నంబరులోని ఒక అంకె పోయినా విచారణ పక్కదారి పడుతుంది. పైన తేదీ, మీ పూర్తి పేరు, ఇంటి నంబరు, గ్రామం, మండలం, జిల్లా, పిన్‌కోడ్, ఫోన్ నంబరు రాయాలి. మండలం పేరు ఎప్పుడూ వదలకండి, ఒకే పేరుతో ఒకటికి మించి ఊళ్లు ఉంటాయి. చిరునామాగా "కార్యదర్శి, రాష్ట్రపతి సచివాలయం, రాష్ట్రపతి భవన్, న్యూఢిల్లీ – 110004" అని రాయాలి. ఆ కింద ఒక్క వాక్యంలో విషయం, దాని కింద మీ పాత అర్జీల నంబర్లు, తేదీలతో సూచిక. "దివ్య సముఖమునకు" వంటి సంబోధనలు అక్కరలేదు, "గౌరవనీయులైన" అన్న ఒక్క మాట చాలు.

విషయం ఎలా ఉండాలో ఒక ఉదాహరణ చూడండి. గుత్తి మండలంలో ఉండే ఒక వితంతువు ఫ్యామిలీ పెన్షన్ గురించి రాస్తున్నారనుకుందాం: "నా భర్త గుంతకల్లు డివిజన్‌లో ట్రాక్‌మన్‌గా పనిచేసి రిటైరై, ఫలానా తేదీన మరణించారు. ఆయన పీపీఓ (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు) నంబరు ఫలానా. ఫ్యామిలీ పెన్షన్ కోసం దరఖాస్తు, మరణ ధ్రువపత్రం ఫలానా తేదీన బ్యాంకు శాఖలో ఇచ్చాను, రసీదు జతపరిచాను. ఇంతవరకు పెన్షన్ జమ కాలేదు, కారణం కూడా తెలపలేదు. బకాయిలతో సహా పెన్షన్ చెల్లించవలసిందిగా, ఏదైనా పత్రం తక్కువైతే అదేమిటో రాతపూర్వకంగా తెలపవలసిందిగా సంబంధిత అధికారులను ఆదేశించగలరని ప్రార్థిస్తున్నాను."

ఇందులో కష్టాల వర్ణన లేదు. ఆమె కష్టం చిన్నదని కాదు; ఆ కాగితం చదివే ప్రతి అధికారికీ కావలసిన పీపీఓ నంబరు, తేదీ, రసీదు అందులో చేతికి అందేలా ఉండాలి. చివరి వాక్యం అన్నిటికన్నా ముఖ్యం. "న్యాయం చేయండి" అని ముగిస్తే "విచారించాము" అన్న జవాబుతో ఫైలు మూసేయవచ్చు. "ఏ పత్రం తక్కువైందో తెలపండి" అని అడిగితే దానికి జవాబు రాయక తప్పదు. భూమి విషయమైతే ఖాతా నంబరు, సర్వే నంబరు, విస్తీర్ణం మొదటి పేరాలోనే ఉండాలి. ఒక అర్జీలో ఒక్క సమస్యే రాయండి: దారి తగాదా, పెన్షన్, రేషన్ కార్డు కలిపి రాస్తే మూడు శాఖల్లో ఏదీ దాన్ని తనదిగా తీసుకోదు.

జతపరిచేవి జిరాక్స్ ప్రతులే కావాలి, అసలు పత్రాలు ఎన్నడూ పంపకండి. ప్రతి పుటకూ నంబరు వేసి, సంతకం చేసి, చివర జాబితా రాయాలి. మొత్తం కట్టను మరో ప్రతి తీసి ఇంట్లో ఉంచుకోవాలి. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్ సీపీగ్రామ్స్‌లో రాష్ట్రపతి సచివాలయాన్ని ఎంచుకుని పంపితే, పీఆర్‌ఎస్‌ఈసీ అక్షరాలతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు వస్తుంది. దానితో కాగితం ఏ కార్యాలయం దగ్గర ఉందో ఇంట్లో నుంచే చూసుకోవచ్చు. 2024 ఆగస్టు నాటి మార్గదర్శకాల ప్రకారం ఈ పోర్టల్‌లోని ఫిర్యాదులను 21 రోజుల్లో పరిష్కరించాలి. ఇచ్చిన జవాబు సరిగా లేకపోతే 30 రోజుల్లో అక్కడే అప్పీలు చేసుకోవచ్చు.

అర్జీ జిల్లాకు దిగిన తరువాతే మీరు ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. కలెక్టరేట్‌లో తపాలు విభాగం దాన్ని తీసుకుని, సంబంధిత సెక్షన్‌కు ఇచ్చాక, ఆర్‌ఓసీ నంబరుతో, అంటే కలెక్టరేట్ ఆ ఫైలుకు ఇచ్చే నంబరుతో, ఆర్డీవోకో, తహసీల్దారుకో వెళుతుంది. ఆ నంబరు తెలుసుకుని రాసిపెట్టుకోండి, ఎందుకంటే ఢిల్లీ నంబరు చెబితే మండల కార్యాలయంలో ఎవరికీ కాగితం దొరకదు. వీఆర్వో విచారణకు వచ్చిన రోజు ఊళ్లో ఉండండి. మీరు చెప్పింది రాసుకున్న స్టేట్‌మెంట్‌ను పూర్తిగా చదివించుకుని, తప్పులు దిద్దించుకున్నాకే సంతకం గాని, వేలిముద్ర గాని వేయండి. ఖాళీ కాగితం మీద ఏ కారణం చెప్పినా వేయకండి; "అర్జీదారు తృప్తి చెందారు" అన్న ఒక్క వాక్యంతో ఢిల్లీ దాకా వెళ్లిన అర్జీ ముగిసిపోతుంది. విచారణ అయ్యాక ఇచ్చే ఎండార్స్‌మెంట్ (రాతపూర్వక జవాబు) ప్రతిని అడిగి తీసుకోండి, అప్పీలుకు ఆధారం అదే.

జవాబు రాకపోతే, మళ్లీ అదే అర్జీ పంపడం కన్నా సమాచార హక్కు చట్టం, 2005 కింద రాష్ట్రపతి సచివాలయంలోని ప్రజా సమాచార అధికారికి 10 రూపాయల పోస్టల్ ఆర్డర్‌తో దరఖాస్తు చేయడం మేలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారు రుజువు జతపరిస్తే రుసుము అక్కరలేదు. ఎందుకు ఆలస్యమైందని అడగకండి, అది సమాచారం కిందికి రాదంటారు. "ఫలానా తేదీ నాటి నా అర్జీని ఏ తేదీన, ఏ లేఖ నంబరుతో, ఏ కార్యాలయానికి పంపారు, ఆ లేఖ ప్రతి ఇవ్వండి" అని అడగండి. 30 రోజుల్లో సమాచారం ఇవ్వాలి. లేఖ నంబరు చేతికి వచ్చాక, ఆ లేఖ అందుకున్న కార్యాలయానికి అవే ప్రశ్నలతో మరో దరఖాస్తు పెడితే, కాగితం ఏ బల్ల దగ్గర ఆగిందో బయటపడుతుంది.