దీర్ఘకాల మిషనరీ సేవకు బయల్దేరే ముందు జాగ్రత్తలు

• మొదటి రెండేళ్లు భాషకే కేటాయించండి. ఈలోపే ప్రసంగాల బాధ్యత నెత్తినేసుకుంటే భాష సగంలో ఆగిపోతుంది, ఎన్నేళ్లున్నా దుబాసీ తప్పడు.

• ఫలితాలకు గడువు పెట్టుకోవద్దు. పంపే సంఘానికీ ముందే చెప్పండి. 1793లో బెంగాల్ చేరిన ఇంగ్లండు మిషనరీ విలియం కేరీ అక్కడి తొలి హిందూ విశ్వాసి కృష్ణపాల్‌కు బాప్తిస్మమిచ్చింది 1800 డిసెంబరులో.

• వారానికో పూర్తి విశ్రాంతి రోజు. ఆదివారం లెక్కలోకి రాదు, పని ఎక్కువ ఆ రోజే! బైబిల్లో అలసి పడుకున్న ఏలీయా ప్రవక్తను లేపి దేవదూత ముందు చూపింది రొట్టె, నీళ్లే; ఉపదేశం కాదు.

• నెలనెలా మనసు విప్పి మాట్లాడేందుకు ఒకరిని ఇప్పుడే కుదుర్చుకోండి. ఆ మనిషి మీకు విరాళమిచ్చేవారు కాకూడదు. డబ్బు పంపేవాళ్లకు నిరుత్సాహం చెప్పడానికి నోరు రాదు.

• నిద్రలేమి, అయినదానికీ కానిదానికీ విసుగు వారాల తరబడి ఉంటే డాక్టరును కలవాలి. ప్రార్థన లోపమని సరిపెట్టుకోవద్దు.

• తిరుగు ప్రయాణం డబ్బు విడిగా ఉంచండి.