ఎర్రమన్నులో మొసలి దవడలాంటిది తేలితే

మహారాష్ట్రలోని సిరోంచ వైపు వానలు వెలిశాక వాగు ఒడ్డున ఎముకలాంటి ముక్క కనిపిస్తే పీకకండి. ప్రాణహిత నది అవతల, తెలంగాణలో మలేరి అనే పాత రాతి పొరల్లో దొరికిన పారాసుకస్ 20 కోట్ల ఏళ్లు పైబడిన వేటజీవి, మొసలికి దూరపు చుట్టం. మొసలికి ముక్కు రంధ్రాలు మూతి చివర ఉంటే, దీనికి కళ్ల ముందే ఉంటాయి. అందుకే పుర్రెలో కళ్ల దగ్గరి చిన్న పెంకు కూడా పోగొట్టకూడదు.

ముందు స్కేలు పక్కన పెట్టి ఫొటోలు తీయండి, జీపీఎస్ రాసుకోండి, భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు తెలపండి. అనుమతి లేకుండా తవ్వొద్దు.

అనుమతి వచ్చాక తవ్వేటప్పుడు ఎముక చుట్టూ వెడల్పుగా మన్ను వదలండి. పైన తడి టిష్యూ కాగితం రెండు మూడు పొరలు అద్దండి; ఇది మరిస్తే ప్లాస్టర్ ఎముకకే అంటుకుని, విప్పేటప్పుడు పైపొర ఊడిపోతుంది. తర్వాత ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌లో ముంచిన గోనె పట్టీలు అడ్డంగా, నిలువుగా చుట్టండి. పూర్తిగా గట్టిపడ్డాకే కింది మన్ను పుట్టగొడుగు కాడలా సన్నగా చెక్కి తిప్పండి. తొందరపడితే అడుగు మన్ను జారి ఎముకలు రాలిపోతాయి. పగుళ్లకు ఫెవికాల్ వద్దు, తర్వాత శుభ్రంగా వదలదు. అసిటోన్‌లో కరిగించిన పారలాయిడ్ బీ-72 అనే జిగురు వాడాలి; దాన్ని తర్వాత కరిగించి తీసేయొచ్చు. తడి ఎముకకు పూస్తే తెల్లగా పాలిపోతుంది, ఆరనివ్వండి.