తోట ట్రాక్టర్‌కు హైడ్రాలిక్ టిల్లర్ – 3వ పాఠం: మోటారు కొనేముందు ఆయిల్ లెక్క

పోయిన పాఠంలో టిల్లర్‌ను ట్రాక్టర్ వెనక కాకుండా కుడి పక్కకు జరిపి కట్టే ఫ్రేమ్ కొలతలు తీసుకున్నాం. ఆ కాగితం పక్కన పెట్టుకోండి. ఈసారి వెల్డింగ్ పని లేదు. పెన్ను, ఫోన్‌లో కాలిక్యులేటర్, ఒక బకెట్ చాలు.

ఇంత తిప్పలు ఎందుకని కొందరు అడిగారు. పీటీఓకు, అంటే ఇంజన్ బలాన్ని పనిముట్లకు అందించే ట్రాక్టర్ వెనక షాఫ్టుకు, రొటావేటర్ తగిలిస్తే సరిపోదా అని. సాళ్ల మధ్యన సరిపోతుంది. మన నల్లగొండ బత్తాయి తోటల్లో కలుపు బలిసేది పాదుల్లో. కొమ్మలు నేలకు వంగి ఉంటాయి, ట్రాక్టర్ లోపలికి పోతే కాయ రాలుతుంది, కొమ్మ విరుగుతుంది. ఆయిల్ ప్రెషర్‌తో తిరిగే హైడ్రాలిక్ మోటారుకు ట్రాక్టర్ నుంచి షాఫ్టు అక్కర్లేదు, రెండు పైపులు వెళ్లగలిగిన చోటల్లా అది తిరుగుతుంది. అందుకే టిల్లర్‌ను పక్కకు చాపి కొమ్మ కిందికి పంపగలుగుతున్నాం. ఒక్క మాట గుర్తుంచుకోండి: బత్తాయి పీల్చువేర్లు పైపైనే ఉంటాయి. పాదులో రెండు మూడు అంగుళాలకు మించి లోతు వద్దు, మొదలుకు బ్లేడు తగలనే కూడదు. గాయమైన మొదలుకు బంక తెగులు తొందరగా పడుతుంది.

ఇక అసలు లెక్క. ఆయిల్ ఎంత పారితే అంత వేగం. ఎంత ప్రెషర్ ఉంటే అంత బలం. ఈ రెండూ వేరు వేరని తెలియక నేను మొదటిసారి నష్టపోయాను. దుకాణంలో చవకగా దొరికిన 50 సీసీ మోటారు, అంటే ఒక్క చుట్టుకు 50 సీసీ ఆయిల్ తీసుకునేది, తెచ్చి బిగించాను. గాలిలో రివ్వున తిరిగింది, ఎర్రచెలకలో దించగానే ఆగిపోయింది. లివర్ అట్లాగే పట్టుకుని మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తే ఇరవై నిమిషాల్లో పైపు ముట్టలేనంత కాలింది. ఎందుకట్లా అయిందో ఈ లెక్కలే చెబుతాయి.

మోటారు వేగానికి: నిమిషానికి పారే ఆయిల్ లీటర్లను 1000తో గుణించి, మోటారు సీసీతో భాగించాలి. నా మినీ ట్రాక్టర్ లిఫ్ట్ పంపు నిమిషానికి 18 లీటర్లు ఇస్తుంది. 50 సీసీ మోటారైతే 360 చుట్లు. 100 సీసీ అయితే 180.

బలానికి: సీసీని ప్రెషర్ బార్‌లతో గుణించి 62.8తో భాగిస్తే న్యూటన్ మీటర్లు వస్తాయి. 150 బార్ దగ్గర 50 సీసీకి 119, 100 సీసీకి 239. ఆయిల్ అదే, పంపు అదే. మోటారు పెద్దదైతే చుట్లు సగమై బలం రెట్టింపవుతుంది. లీకేజీ, రాపిడి కింద రెండింటిలోనూ పదో వంతు తీసేసి చూడండి. నేల దున్నే రోటరుకు 160 నుంచి 200 చుట్లు చాలు. అంతకు మించితే రాళ్లు ఎగిరిపడతాయి, చెలకలో రాయి లేని చోటేది!

మొత్తం శక్తికి: లీటర్లను బార్‌లతో గుణించి 600తో భాగిస్తే కిలోవాట్లు. 18 లీటర్లు, 150 బార్ అంటే 4.5 కిలోవాట్లు, అంటే 6 హెచ్‌పీ. నష్టాలు పోను నేలకు చేరేది 5 హెచ్‌పీ కన్నా తక్కువే. రెండడుగుల వెడల్పు పైపైన తిప్పడానికి అది సరిపోతుంది. మూడడుగులు ఆశపడితే మోటారు ఆగుతుంది. ఆగితే ఆయిల్ అంతా రిలీఫ్ వాల్వ్ (ప్రెషర్ హద్దు దాటితే తెరుచుకునే వాల్వ్) మీదుగా పోతుంది, 4.5 కిలోవాట్లూ వేడిగా మారతాయి. నాలుగైదు ఇస్త్రీపెట్టెలు ఒకేసారి ఆయిల్‌లో ముంచినట్టు. బయట మే నెల ఎండ 44 డిగ్రీలు దాటితే ఆ ఆయిల్ చల్లబడే దారే లేదు.

లిఫ్ట్ పంపును అప్పుడప్పుడు పనిముట్టు లేపడానికి చేశారు, గంటలకొద్దీ మోటారు తిప్పడానికి కాదు. రెండెకరాలు దాటిన తోట ఉన్నవాళ్లు పీటీఓకు వేరే గేర్ పంపు పెట్టుకోవాలన్నది నా గట్టి అభిప్రాయం. పీటీఓ 540 చుట్లను మూడింతలు చేసే గేర్‌బాక్సుతో 1620 వస్తుంది. చుట్టుకు 16 సీసీ ఆయిల్ తోసే పంపైతే నిమిషానికి 26 లీటర్లు, 150 బార్ దగ్గర 6.5 కిలోవాట్లు. దానికి 160 సీసీ మోటారు పెడితే 162 చుట్లు, మంచి బలం. రేగడి నేలకు కూడా పనికొస్తుంది. పంపు తిప్పడానికి ఇంజన్ నుంచి 10 హెచ్‌పీ దాకా పోతుంది, మిగిలినదానితో ట్రాక్టర్ నడవాలి. అందుకే ఇంకా పెద్ద పంపు వద్దంటున్నాను.

ట్యాంకు పంపు లీటర్లకు కనీసం రెట్టింపు ఉండాలి. 26కు 60 లీటర్ల ట్యాంకు, మన ఎండలకు 68 గ్రేడు (చిక్కదనం) హైడ్రాలిక్ ఆయిల్. దాన్ని ఎడమ పక్కన కట్టండి. కుడివైపు వేలాడే టిల్లర్‌కు అదే బరువు సరిచేస్తుంది.

ఇప్పుడు బకెట్ పరీక్ష. మీ ట్రాక్టర్ పంపు నిజంగా ఎంత ఇస్తుందో పుస్తకంలో అంకె చూసి నమ్మొద్దు, కొలవండి. కొత్త 20 లీటర్ల బకెట్‌లో లీటరు లీటరుగా నీళ్లు పోసి గీతలు పెట్టుకుని, పూర్తిగా తుడిచి ఎండలో ఆరబెట్టండి. ఆయిల్‌లో నీటి చుక్క పడకూడదు. పంపు నుంచి ఆయిల్ వచ్చే పైపు కొనను బకెట్‌కు గట్టిగా కట్టేయండి, చేత్తో పట్టుకోవద్దు. ఒకరు సీటు మీద కూర్చుని ఇంజన్‌ను పీటీఓ 540 చుట్లు తిరిగే వేగానికి తెచ్చి లివర్ లాగాలి, ఇంకొకరు దూరం నుంచి 15 సెకన్లు చూడాలి. అంతకు మించి వద్దు. చాలా మినీ ట్రాక్టర్లలో ఇది గేర్‌బాక్సు ఆయిలే, ఎక్కువ తీస్తే పంపు ఎండిపోతుంది. పడిన లీటర్లను నాలుగుతో గుణించండి.

బిగింపులు సరిగా ఉన్నాయో లేదో వేలు పెట్టి వెతకొద్దు. ప్రెషర్‌లో సన్నటి లీకు చర్మం చీల్చి లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినంతే కనిపిస్తుంది, లోపల కండ చచ్చుబడుతుంది. అట్టముక్క అడ్డం పెట్టి చూడండి. పొరపాటున గుచ్చుకుంటే నొప్పి లేకపోయినా వెంటనే ఆపరేషన్ సౌకర్యమున్న ఆసుపత్రికి వెళ్లండి.

బకెట్‌లో నాలుగున్నర లీటర్లు పడితే పైన రాసిన 18 లీటర్ల లెక్కే మీదీ. పైపుల సైజు పాఠానికి ఆ అంకె తెచ్చుకోండి. మూడు లీటర్లే పడితే ఫిల్టర్ మూసుకుపోయిందో, పంపు అరిగిందో. ముందు ఫిల్టర్ మార్చి మళ్లీ కొలవండి. మోటారు కొనడం ఆ తరువాతే.