కుర్రతనంలో ప్రాణంగా విన్న రాక్, పాప్ గాయకులను మళ్లీ వినడం ఎలా?

పదహారేళ్ల వయసులో ఒక పాటను రోజుకు పదిసార్లు విన్నవాళ్లకు, ఆ పాటలో గాయకుడు ఎక్కడ ఊపిరి తీసుకుంటాడో కూడా గుర్తుంటుంది. తర్వాత చదువులు, ఉద్యోగాలు, సంసారాలు. ముప్పై ఏళ్లకు ఒకరోజు ఎక్కడో ఆ పాట చెవిన పడుతుంది. వెంటనే ఫోన్‌లో వెతికి, ఆ ఒక్క పాటే నాలుగుసార్లు విని, అక్కడితో ఆపేస్తాం. మనం వినడం మానేశాక కూడా ఆ గాయకులు పాడుతూనే ఉన్నారు. అందుకే నా దృష్టిలో మళ్లీ వినడమంటే ఆ మిగతా కథ కూడా వినడం.

ముందు ఒక కాగితం తీసుకోండి

ఒక్క గాయకుణ్ణో, ఒక్క బ్యాండునో ఎంచుకోండి. ఫలానా దశాబ్దం హిట్లు అంటూ దొరికే ప్లేలిస్టుల జోలికి పోవద్దు. అందులో ఎవరితోనూ పూర్తిగా గడపలేం. పాట పెట్టకముందే మీకు గుర్తున్నదంతా రాసుకోండి: పాటల పేర్లు, వాటి వరుస, మనసులో నిలిచిపోయిన చరణం, ఎవరి దగ్గర క్యాసెట్ అడిగి తెచ్చుకున్నారో. పదేళ్ల నుంచి ముప్పై ఏళ్ల వయసు మధ్య జ్ఞాపకాలు మిగతా వయసులవాటికన్నా ఎక్కువగా గుర్తుంటాయని మనస్తత్వ శాస్త్రవేత్తలు చెబుతారు. కాబట్టి కాగితం త్వరగానే నిండుతుంది. వినడం మొదలుపెట్టాక మాత్రం, పాత జ్ఞాపకమేదో ఇప్పుడు విన్నదేదో విడదీయడం కష్టం.

మీరు విన్న రూపాన్నే వెతకండి

ఎక్కువమంది నిరాశపడేది ఇక్కడే. "పాట అదే, కానీ ఏదో తేడాగా ఉంది" అనిపిస్తే మీ చెవిని అనుమానించకండి. నిజంగానే తేడా ఉండొచ్చు.

రీమాస్టర్, రీమిక్స్ ఒకటి కావు. రీమాస్టర్‌లో, ఒకసారి కలిపి పూర్తిచేసిన పాటకే శబ్దస్థాయిని, స్వరపు మెరుపును సరిచేస్తారు. రీమిక్స్‌లో గొంతు, గిటార్, డ్రమ్స్ విడివిడి ట్రాకులను బయటికి తీసి, కొత్తగా కలుపుతారు. బీటిల్స్ 1967 నాటి 'సార్జెంట్ పెప్పర్స్' ఆల్బమ్‌నే చూడండి. అప్పట్లో బ్యాండు సభ్యులు శ్రద్ధ పెట్టింది మోనో మిక్స్ (శబ్దమంతా ఒకే చానెల్‌లో వచ్చేది) మీద. 2017లో, బీటిల్స్ నిర్మాత జార్జ్ మార్టిన్ కొడుకు గైల్స్ మార్టిన్ దానికి కొత్త స్టీరియో మిక్స్ (ఎడమ, కుడి స్పీకర్లలో వేర్వేరుగా వినబడేది) చేశారు. ఇవాళ వెతికితే మీకు ఏది దొరుకుతుందో, మీరు అప్పట్లో విన్నది ఏదో చూసుకోవాలి.

నిడివి కూడా మారుతుంది. బ్రిటిష్ రాక్ బ్యాండు డైర్ స్ట్రెయిట్స్ 1985లో తెచ్చిన 'బ్రదర్స్ ఇన్ ఆర్మ్స్' ఎల్పీలో (పెద్ద గ్రామఫోన్ రికార్డులో), చోటు చాలక కొన్ని పాటలను సీడీలోకన్నా కుదించారు. ఎల్పీ విన్నవాళ్లకు సీడీలో పాట ఎంతకీ అయిపోదు! ఇక 1990ల నుంచి చాలా ఆల్బమ్‌లను గట్టిగా వినబడేలా మాస్టర్ చేయడం పెరిగింది. మెల్లటి చోటుకూ గట్టి చోటుకూ మధ్య తేడా తగ్గి, వింటుంటే త్వరగా అలసట వస్తుంది.

కాబట్టి పాట పేరు పక్కన ఉన్న సంవత్సరం, 'రీమాస్టర్డ్' అనే మాట, నిడివి చూడండి. అదే గాయకుడు ఏళ్ల తర్వాత మళ్లీ పాడి రికార్డు చేసినదేమో కూడా చూడండి. పాత ఎల్పీ ఉంటే, లేబుల్ పక్కన పాట లేని ఖాళీ గాడిలో చెక్కిన అంకెలను రికార్డుల వివరాలు నమోదు చేసే డిస్కాగ్స్ సైట్‌లో వెతికితే అది ఏ ముద్రణో చాలావరకు తెలుస్తుంది. క్యాసెట్లతో పెరిగినవాళ్లు ఇంకోటి గుర్తుంచుకోవాలి. టేప్ రికార్డర్ వేగం కాస్త అటూఇటూ అయితే శ్రుతి కూడా మారేది. మీకు గుర్తున్న శ్రుతి ఆ మెషిన్‌ది కావచ్చు.

ఆల్బమ్ మొత్తం, వరుస చెడకుండా

షఫిల్ ఆపేయండి. బీటిల్స్ 'అబ్బే రోడ్' (1969) రెండో వైపున చిన్న చిన్న పాటలు ఒకదాంట్లోకి ఒకటి జారుతూ సాగుతాయి. పింక్ ఫ్లాయిడ్ 'ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్' (1973) కూడా దాదాపు అంతే. పాటకూ పాటకూ మధ్య ఖాళీ వస్తే ఆ అల్లిక తెగిపోతుంది. ఎల్పీ కాలపు ఆల్బమ్ అయితే మొదటి వైపు అయ్యాక ఒక్క నిమిషం ఆగండి. అప్పట్లో లేచి రికార్డు తిప్పేవాళ్లం కదా, ఆ విరామాన్ని మనసులో పెట్టుకునే పాటల వరుస వేసేవారు.

మొదటిసారి ఊరికే వినండి. రెండోసారి సాహిత్యం ముందు పెట్టుకోండి. అప్పుడు అర్థం కాకుండానే పాడేసిన మాటలు ఇప్పుడు గుచ్చుకోవచ్చు, కొన్ని నచ్చకపోవచ్చు కూడా. మూడోసారి, కింది స్థాయి స్వరాలు పలికే బేస్ గిటార్‌నే వినండి. చిన్న స్పీకర్లలో అది సరిగ్గా వినబడేది కాదు కాబట్టి, చాలామందికి ఇది కొత్త పాట విన్నట్టే ఉంటుంది.

వయసుతో పైస్థాయి (సన్నగా, కీచుగా ఉండే) శబ్దాలు వినడం తగ్గుతుంది. సింబల్స్ (డ్రమ్స్‌తో మోగే తాళాల్లాంటి పళ్లేలు) మసకగా అనిపిస్తే మొత్తం వాల్యూమ్ పెంచకుండా, ఆ పైస్థాయి శబ్దాలను మాత్రమే పెంచే ట్రెబుల్ కొద్దిగా పెంచండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు చెప్పిన హద్దు 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు.

మీరు ఆపేసిన చోటు నుంచి ముందుకు

నాకు అన్నిటికన్నా ఇష్టమైన అడుగు ఇదే. కాగితం మీద, మీరు వినడం మానేసిన ఏడాది రాయండి. అక్కడి నుంచి దశాబ్దానికి ఒక్క ఆల్బమ్ చొప్పున ఎంచుకోండి.

కెనడా గాయని జోనీ మిచెల్ 'బోత్ సైడ్స్ నౌ' పాటను 1969లో తన ఆల్బమ్‌లో పాడినప్పుడు ఆమెకు 25 ఏళ్లు. సన్నటి, పైకి ఎగిరే గొంతు. 2000లో అదే పాటను ఆర్కెస్ట్రాతో మళ్లీ పాడారు. గొంతు బాగా దిగి, బరువెక్కింది. జీవితాన్ని రెండు వైపుల నుంచీ చూశానని 25 ఏళ్ల అమ్మాయి అంటే ఒకలా ఉంటుంది, 56 ఏళ్ల మనిషి అంటే ఒకలా ఉంటుంది. 2015లో మెదడులో రక్తనాళం ఉబ్బి ప్రాణాపాయం నుంచి బయటపడ్డ ఆమె, 2022లో న్యూపోర్ట్ ఫోక్ ఫెస్టివల్ వేదిక మీద ఈ పాటే పాడారు. మూడూ ఒకే రాత్రి, ఇదే వరుసలో వినండి. నేను మూడోదానికి వచ్చేసరికి కన్నీళ్లు ఆపుకోలేకపోయాను.

బ్రిటిష్ గాయకుడు ఎల్టన్ జాన్‌కు 1987లో గొంతు ఆపరేషన్ జరిగింది. దానికి ముందు ఆల్బమ్ ఒకటి, తర్వాత ఆల్బమ్ ఒకటి పక్కపక్కన పెట్టి వింటే గొంతు లోతు తేడా తెలుస్తుంది. స్వీడన్ పాప్ బృందం 'అబ్బా' 1981 తర్వాత మళ్లీ కొత్త ఆల్బమ్ ఇచ్చింది 2021లోనే.

కచేరీకి వెళ్లాలనుకుంటే

టికెట్ కొనేముందు పాత సభ్యుల్లో ఎవరు మిగిలారో, ఈమధ్య కచేరీల్లో ఏ పాటలు పాడుతున్నారో చూసుకోండి. వయసు మీద పడ్డాక శ్రుతి తగ్గించి పాడటం మామూలే. అది మోసం కాదు. చెవుల్లో పెట్టుకునే ప్లగ్స్ తీసుకెళ్లండి.

ఇదంతా అయ్యాక, అప్పట్లో మీతోపాటు విన్నవాళ్లకు ఫోన్ చేసి, వాళ్లను కూడా అలాంటి కాగితమే రాయమనండి. నా స్నేహితుడి కాగితంలో మొదట రాసిన పాట నా కాగితంలో అసలు లేదు. ఒకే క్యాసెట్ విన్నాం ఇద్దరం. ఆ రాత్రి ఆ పాటే పెట్టుకుని విన్నాను.